ఆదివారం గోలీ

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కీళ్లవాతం మందుల గురించి చెబుతాను. ఎందుకంటే ఆ విషయంలో నేనే తప్పు చేశాను.

మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఇక్కడున్న చాలామంది అమ్మలూ అంతే. పొద్దున లేస్తే గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోతున్నాయని ఆమె ఫోన్ చేస్తే, "డైక్లోఫినాక్ వేసుకో అమ్మా" అన్నాను. డాక్టర్నయి ఉండి రక్తపరీక్ష కూడా చేయించలేదు. రెండేళ్లు దుకాణంలో ఆ గోలీలే కొని మింగింది. మలం నల్లగా వస్తోందంటే పరుగెత్తుకొచ్చాను. కడుపులో పుండు పడింది. అప్పటికే వేళ్లు వంకర తిరిగాయి.

నొప్పి గోలీ వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లను తయారు కానివ్వదు. 1971లో జాన్ వేన్ చూపించిన సంగతి ఇది. కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే. పైగా రుమటాయిడ్ వాతంలో మన రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేస్తుంది. ఆ దాడిని ఈ గోలీ ఆపదు. నొప్పి తగ్గిందనుకుంటాం, లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ సూదులు వేగంగా పనిచేస్తాయి గానీ, ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి.

దాడిని తగ్గించే మందు మెథోట్రెక్సేట్. దాని వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం మొదట ఫోలిక్ ఆమ్లాన్ని, తర్వాత దానికి అడ్డుపడే మందులను తయారుచేసింది. అవి క్యాన్సర్ కోసం. ఆయన 1948లో పోయారు. కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి 1988లో గానీ రాలేదు. ఇప్పుడు అమ్మ చీటీలో రెండూ ఉన్నాయి: ఆదివారం మెథోట్రెక్సేట్, మరో రోజు ఫోలిక్ ఆమ్లం.

గుర్తుంచుకోండి, వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. గర్భిణులు వాడకూడదు. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. గుణం కనబడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. మా అమ్మ మూడో వారమే "ఇది పనికిరాదు బిడ్డా" అంది!

వంగిన వేళ్లు తిరిగి రాలేదు. కొత్తగా ఏ వేలూ వంగలేదు. చాయ్ గ్లాసు తానే పట్టుకుంటుంది.

భోజనాలయ్యాక మన పదో తరగతి గదిలో కూర్చుంటాను. మీ ఇళ్లలో వాడుతున్న గోలీల పట్టీలు, చీటీలు ఉంటే తీసుకురండి, చూద్దాం.