ఇంటి చదువు – బడి చదువు
(ఉప్పలగుప్తమున మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై మంచి మార్కులు గడించిన బాలబాలికలకు బహుమతు లొసగి యానందించుచున్నాము. ఈ సభకు రాని పిల్లలును మనలో కలరు. అక్కకు సంబంధము తప్పిపోవునను భయమున పెద్దలు వారిని పెరటిగది దాటనీయరు. ఆటిజము, అనగా స్వలీనత గల యా పిల్లలను గూర్చి నేడు విన్నవింప దలచితిమి.

ఇది గ్రహదోషము గాదు. పెంపకపు లోపమును గాదు. 1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల వృత్తాంతమును ప్రకటించెను. పిదప కొన్ని దశాబ్దములు పాశ్చాత్య పండితులు సైతము తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి హేతువని నిందించిరి. అది తప్పని తరువాత తేలినది. మెదడు ఎదుగుదలలోని భేదమే దీనికి మూలము. మన యత్తగార్లలో కొందఱు మాత్ర మాపాత పాటను నేటికిని విడువలేదు! కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థములో డప్పులు మ్రోగగానే చెవులు మూసికొని నేలబడి యేడ్చు పిల్లవానిని మొండివాడందుము. మనకు వేడుకైన యా ధ్వని వానికి బాధ.

పలువురు గమనింపని సంగతి యొకటి కలదు. ఇట్టి పిల్లలలో అనేకులకు ఒకచోట నేర్చినది మఱొకచోటికి దానంతట రాదు. వంటయింట బిందెను జూపి దాహమని తెలుప నేర్చినవాడు బడిలో దాహముతో ఊరకుండును. బడిలో పుల్లలను పదివఱకు లెక్కించువాడు పెరటిలో కొబ్బరికాయలను లెక్కింపుమన్నచో దిక్కులు చూచును. వాడు మఱచిపోలేదు, చోటు మాఱినది. కావున తల్లియు, ఉపాధ్యాయుడును ఒకే మాటను, ఒకే బొమ్మను, ఒకే వరుసను వాడవలయును. నీళ్ల బొమ్మ గల అట్టముక్క ఇంట నొకటి, అట్టిదే బడిలో నొకటి యుండవలయును. పిల్లవాని సంచిలో నొక నోటుపుస్తకము నిత్యము రాకపోకలు సాగింపవలయును. రాత్రి నిద్రపట్టలేదని తల్లి వ్రాసినచో ఉదయపు చిరాకునకు కారణము పంతులుగారికి తెలియును. నేడు బొత్తాము తానే పెట్టుకొనెనని పంతులుగారు వ్రాసినచో, ఇంట తొందరపడి బొత్తాములు పెట్టు చేతులు కొంత ఆగును.

చట్టములు లేకపోలేదు. విద్యాహక్కు చట్టమునకు 2012లో జరిగిన సవరణ తీవ్రవైకల్యము గల పిల్లలకు ఇంటివద్ద విద్యను కోరుకొను హక్కు నొసగినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొని, 40 శాతమునకు తక్కువ గాని వైకల్యము ధ్రువీకరింపబడిన వారికి 6 మొదలు 18 ఏండ్ల వఱకు దాపునున్న బడిలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితవిద్య హక్కని చెప్పినది. సమగ్ర శిక్ష క్రింద భవిత కేంద్రములును నడుచుచున్నవి. అయినను “ఇంటనే చూచుకొనుడు” అను మాట మన బంధువులు కొందఱు వినవలసివచ్చినది. ఇంటి విద్య బడినుండి తొలగించుటకు సాకు గారాదు. బడి గందరగోళమును సహింపలేని పసివానిని దినమంతయు బలవంతముగా కూర్చుండబెట్టుటయు హింసయే. మొదట నొకగంట, కుదిరినపిమ్మట రెండుగంటలు చాలును.

మన విద్యానిధి నేటివఱకు మార్కులనే చూచినది. అందులో కొంతభాగము నిర్ధారణకై పట్టణమునకు బోవు తల్లిదండ్రుల దారిఖర్చులకును, పిల్లవానిని బడికి దిగబెట్టు ఆటో కిరాయికిని ప్రత్యేకింపవలయునని పోషకులను ప్రార్థించుచున్నాము. తీర్మానపాఠమును కార్యదర్శిగారికి అందజేసితిమి. రాబోవు మహాసభలో ఆ కుటుంబములకు మైకులకు దూరముగా, గాలి తగులు చోట కుర్చీలు వేయింపగోరుచున్నాము.