నవ్వించిన ఇల్లాలు

(తాడిపత్రిలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను హాస్యనటీమణుల గురించి మాట్లాడమన్నారు. మన ఊళ్ళో నటన మాటెత్తితే మొదట తలచుకోవలసింది బళ్ళారి రాఘవగారిని. పేరులో బళ్ళారి ఉన్నా ఆయన పుట్టింది 1880లో మన తాడిపత్రిలోనే. మగవాళ్ళే చీరలు కట్టి నాయికలుగా వచ్చే రోజుల్లో, ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టిన మనిషి. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న గృహిణి ఆయన సరసన రంగస్థలమెక్కారంటే, ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

తరువాత సినిమా వచ్చింది. గయ్యాళి అత్తగా సూర్యకాంతంగారు, రాజబాబు జోడీగా రమాప్రభగారు మనల్ని నవ్వించారు. గయ్యాళీ కాక, ఎవరి జోడీగానో మిగిలిపోక, పక్కింట్లో కనిపించే మామూలు ఇల్లాలిగా నవ్వించిన నటి శ్రీలక్ష్మి. నేను చెప్పదలచుకున్నది ఆమె గురించే.

ఆమెది నటుల కుటుంబం. తండ్రి అమర్‌నాథ్ 1950ల నాటి కథానాయకుడు. సోదరుడు రాజేష్ 1983లో వచ్చిన 'ఆనందభైరవి'లో హీరో. అయినా ఆ ఇంటి పేరు తెలుగువారి నోళ్ళలో ఎక్కువగా నానింది శ్రీలక్ష్మి వేసిన చిన్న చిన్న వేషాల వల్లనే. ఆ వేషాలలో పేరు తెచ్చినవి ఎక్కువగా జంధ్యాలగారివి.

'శ్రీవారికి ప్రేమలేఖ' 1984లో వచ్చింది. అందులో ఆమె చూసొచ్చిన సినిమా కథను భర్తకు చెబుతుంది. కథంటే కథ ఒక్కటే కాదు, తెరమీద పడిన పేర్లతో సహా! 1986లో 'చంటబ్బాయ్'లో కవయిత్రి. పత్రికా సంపాదకుడికి ఒక చేత్తో కవితలు, మరో చేత్తో తాను కనిపెట్టిన వంటకాలు. ఏది ఎక్కువ ప్రమాదమో ఆయనకు తేలదు. 1988లో విశ్వనాథ్‌గారి 'స్వర్ణకమలం'లో భక్తి ముదిరిన గృహిణి. ఆ పూజల పోరు పడే భర్త సాక్షి రంగారావు.

వీటిల్లో ఎక్కడైనా ఆమె తాను హాస్యం చేస్తున్నట్టు కనిపిస్తుందేమో ఈసారి గమనించండి. కనిపించదు. ఆ ఇల్లాలికి తన సినిమా కథ నిజంగా ముఖ్యం, తన కవిత నిజంగా గొప్పది. అంత శ్రద్ధగా చెబుతుంది కనుకనే మనకు నవ్వాగదు. నవ్వు ముఖంతో నవ్వించడం కన్నా ఇది కష్టమైన పని అని నా అభిప్రాయం.

ఇదంతా ఆడవాళ్ళను వెక్కిరించడమే కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆలోచించవలసిన మాటే. కానీ ఆ మూడు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి చెప్పాలని ఉంది, ఒకరికి రాయాలని ఉంది, ఒకరికి గొంతెత్తి పాడుకోవాలని ఉంది. ఇంట్లో ఓపికగా వినే మనిషి లేడు. రచయిత భర్త పక్షాన నవ్వు పుట్టిస్తే, ఆమె నటన మనల్ని భార్య పక్షాన కూర్చోబెడుతుంది. (ముందు వరుసలో అమ్మలు నవ్వుతున్నారు. కారణం నేనడగను.)

ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టే ఈ హాస్యమే తరువాత టీవీకి పనికొచ్చింది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన 'అమృతం' మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో హీరో వేషానికి శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారినా సీరియల్ ఆగలేదు. సంజు వేషానికీ మనుషులు మారారు. ఆంజనేయులు భార్య శాంతగా చేసిన రాగిణి మాత్రం 2020లో వచ్చిన రెండో 'అమృతం'లోనూ శాంతే. అటువంటి నటీమణుల అసలు పేర్లు మనలో ఎందరికి తెలుసు? వీధిలో ఎదురైతే "శాంతమ్మా" అనే పిలుస్తాం. పాత్ర పేరు నిలిచి మనిషి పేరు మరుగున పడడం హాస్యనటికి దక్కే కీర్తో, జరిగే నష్టమో నాకిప్పటికీ తేలలేదు.

జంధ్యాలగారు 2001లో వెళ్ళిపోయారు. రాజేష్ అంతకు చాలా ముందే, పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగానే కన్నుమూశారు. ఆయన కూతురు ఐశ్వర్యా రాజేష్ తమిళంలో పేరు తెచ్చుకుని తెలుగుకు వచ్చింది. 2025 సంక్రాంతికి వెంకటేష్‌తో 'సంక్రాంతికి వస్తున్నాం'లో భాగ్యలక్ష్మి అనే ఇల్లాలి వేషం వేసి రాష్ట్రమంతా నవ్వించింది. మేనత్త పోలికలు వెతుక్కుంటూ చూశాను. మాట విరుపులో కొంత కనిపించాయి.

టైమైందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సెలవు.