లౌడ్‌స్పీకరు బొంగురుపోయినప్పుడు

వార్తలు చదువువారి గొంతు జీరపోయినదనియు, గాయకులు ముక్కుతో పాడుచున్నారనియు మాకు అప్పుడప్పుడు జాబులు వచ్చుచుండును. మావారికి జలుబు చేయదని మేము అనము. కాని చాలసారులు దోషము స్టూడియోలో లేదు. శ్రోతల ఇంటిలోని లౌడ్‌స్పీకరులో ఉన్నది. పల్నాడు జిల్లా ఈపూరు నుండి ఒక శ్రోత అడిగిన ప్రశ్న ఈ ప్రసంగమునకు కారణము. తాతగారి నాటి వాల్వు రేడియో కరకరమనుచున్నది; స్పీకరు మార్చివేయుమని మెకానిక్కు సలహా. మార్చక బాగుచేసికొనుట సాధ్యమా?

చాలవరకు సాధ్యమే. లౌడ్‌స్పీకరు నిజమునకు ఒక కాగితపు గరాటు. 1925లో అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు వివరించిన పద్ధతియే నేటికిని నడచుచున్నది. అయస్కాంతము నడుమ గుండ్రని సన్నని సందు. ఆ సందులో రాగితీగ చుట్ట. చుట్టకు అంటించిన కోను. తీగలో విద్యుత్తు మారినకొలది చుట్ట ముందునకు వెనుకకు ఆడును, కోను గాలిని కదలించును. చుట్టకు ఇరుప్రక్కల మిగులు చోటు మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే. సగము రోగములు ఆ ఇరుకు చోటనే పుట్టుచున్నవి.

పల్నాటి ఎండకు కాగితము పెళుసగును, జిగురు పట్టు వదలును. మిరప కల్లముల దుమ్ము, బాట దుమ్ము సందులో చేరును. ఎలుకలు, బొద్దింకలు తమ వంతు తాము చేయును. 1970ల తరువాతి పెట్టెలలో కోను చుట్టు స్పాంజి అంచు ఉన్నచో, అది గాలిలోని తేమకు రసాయనికముగా విడిపోయి పది యిరువది ఏండ్లలో ముట్టుకొన్నంతనే పొడి యగును. పెట్టెను వాడక అటకపై దాచినను అంతే.

పనికి పూనుకొనుటకు ముందు ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. వాల్వు రేడియో వెనుక అట్టను మీరు విప్పవలదు. ప్లగ్గు తీసిన పిదపను లోపలి కండెన్సర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి యుండును. కొన్ని పాత సెట్లలో ఇనుప చట్రమునకే మెయిన్సు తగిలి యుండును. స్పీకరును విప్పి యిచ్చుట మెకానిక్కు పని; విడిగా చేతికి వచ్చిన తరువాతనే మన పని. ఈ ఒక్క విషయములో పొదుపు కూడదు.

ముందుగా 1.5 వోల్టుల టార్చి బ్యాటరీని స్పీకరు తీగలకు క్షణకాలము తాకించుడు. టక్కుమని కోను కదలినచో చుట్ట బ్రతికియున్నది. కదలనిచో కోనుకు పోవు అల్లిక తీగ తెగినదేమో చూడుడు. దానిని టంకముతో అతుకవచ్చును. చుట్టయే మాడినచో అది యింటి పని కాదు. మీటరు ఉన్నవారికి 8 ఓముల స్పీకరు 6 చిల్లర చూపిన భయపడనక్కరలేదు, అది సహజమే. తరువాత రెండు చేతుల వ్రేళ్లతో కోనును అన్ని వైపుల సమముగా కొద్దిగా నొక్కి చెవి యొగ్గుడు. గీసికొను చప్పుడు వినబడినచో చుట్ట సందులో ఒరయుచున్నది.

చిరుగునకు గాలిపటపు కాగితము మేలైన మందు. దానిని కత్తిరింపక చేతితో చింపవలెను. అంచు పలుచనై కోనుతో కలిసిపోవును. నీటితో పలుచన చేసిన తెల్ల గమ్ముతో అంటించి రాత్రంతయు ఆరనిండు. గుడ్డపీలికలు అతికినచో బరువు పెరిగి గొంతు మారును. మైదా జిగురు అసలే వలదు, అది బొద్దింకలకు విందు.

స్పాంజి అంచు మార్చుటకు ఓర్పు కావలెను. పాత స్పాంజిని, జిగురును గీకి, కొలత సరిపోయిన కొత్త అంచును తెచ్చుకొనుడు. నడిమి టోపీని బ్లేడుతో విడదీసి, చుట్టకును లోపలి ఇనుప స్తంభమునకును నడుమ పాత ఎక్స్‌రే ఫిల్ము పేలికలు నాలుగైదు చుట్టును దూర్చినచో చుట్ట మధ్యకు వచ్చి నిలుచును. అప్పుడే కొత్త అంచును అంటించవలెను. ఒక దినము ఆరిన పిదప పేలికలు లాగి, ఒరపిడి లేదని చూచి, టోపీని మరల అతుకుడు.

బల్లపై ఇనుప రజను లేకుండ తుడుచుకొనుడు. స్క్రూడ్రైవరును దూరముగా ఉంచుడు; అయస్కాంతము దానిని లాగుకొని కోనును పొడిపించును. అయస్కాంతమును మాత్రము దాని ఇనుమునుండి ఊడదీయవలదు. పాత ఆల్నికో రకము అట్లు విప్పినంతనే బలము కోల్పోవును, మరల బిగించినను తిరిగి రాదు.

అన్నియు బిగించిన పిమ్మట మొదట పాటలు పెట్టవలదు. తక్కువ ధ్వనిలో వార్తలు వినుడు. వాద్యముల సందడిలో దాగిన ఒరపిడి, ఒంటరిగా మాటలాడు మనిషి గొంతులో వెంటనే పట్టుబడును.