పాతబండికి పిస్టన్ల యెంపిక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయువాడు ఇంజనును గూర్చి మాటాడుట యేమని నవ్వకుడు. మా మేనల్లుడు తన తండ్రి విడిచిపోయిన ఫోక్స్‌వాగన్ బీటిలును బాగుచేయింపదలచి, పెద్దబోరు పిస్టన్లకు బయానా యిచ్చివచ్చి, "మామయ్యా, లెక్క సరియేనా?" అని యడిగెను. మన గ్రంథాలయములోని యంత్రశాస్త్ర గ్రంథమును ముందుంచుకొని లెక్క చూచితిని.

ఆ 1600 ఇంజనుకు సిలిండర్లు నాలుగు, బోరు 85.5 మిల్లీమీటర్లు; పిస్టను నడక 69. మొత్తము 1,584 ఘన సెంటీమీటర్లు. బోరు 87 అయినచో 1,641. కేసును కోయకయే అమరును. 57 లాభమని వాడు సంతసించెను. కాని జమ చూచినవాడు ఖర్చు చూడవలదా? వెలుపలి కొలత మారక లోపలిది పెరిగినచో, సిలిండరు గోడ ముప్పాతిక మిల్లీమీటరు పలుచబడును. ఈ ఇంజనుకు నీరు లేదు, గాలియే చల్లార్చవలెను. పలుచని గోడ వేడికి గుండ్రతనము తప్పును, రింగులు సరిగా ఆనవు, నూనె మండును, బలము తగ్గును.

కావున 85.5 నే కొనుమంటిని. పిస్టన్లను, సిలిండర్లను కలిపి ఒకే సెట్టుగా కొనవలెను. నాలుగు పిస్టన్లను తూచి బరువు సరిచూడవలెను. పిస్టను తలపై బాణము ఫ్లైవీలు వైపునకుండవలెను. రింగును సిలిండరులో దించి, కొనల నడుమ ఎడము 0.30 నుండి 0.45 మిల్లీమీటర్లున్నదేమో కొలువవలెను.

బయానా పోయినది. తండ్రి బండి వడిగా పోవుటకంటె పదికాలములు నడచుటయే మేలని వాడొప్పుకొనెను. కొలిచి కొనుట నాకు పుస్తకము నేర్పినది. ఆ పుస్తకమును మనకు దక్కించినది ఈ గ్రంథాలయము. సెలవు.