కలశమునకు బంగారు రేకు

పంచాయతీ సభ్యులారా!

గ్రామాలయ కలశమునకు బంగారు మెరుగు పెట్టదలచినప్పుడు పెద్దలు మీ సలహా కూడ అడుగుదురు. కావున రాగిపై బంగారమును నిలుపు రెండు పద్ధతులను గూర్చి మేము నేడు మనవి చేయుచున్నాము.

మొదటిది పాదరసపు మలాము. బంగారమును పాదరసముతో కలిపి, ఆ ముద్దను రాగిపై పూసి నిప్పుపై కాచుదురు. పాదరసము ఆవిరియై పోగా బంగారము రాగిని అంటి నిలుచును. పూత గట్టిదే, కాని ఆ ఆవిరి విషము. అది కంటికి కానరాదు, వాసన లేదు. నరములను, మూత్రపిండములను చెరచును. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున సెయింట్ ఐజాక్ ప్రార్థనాలయపు గుమ్మటమునకు 19వ శతాబ్దమున ఈ మలామే చేయగా 60 మంది పనివారు మరణించిరని చెప్పుదురు. చెరువులో చేరిన పాదరసము చేపలలో పేరుకొనును. దాని వాడుకను అరికట్టుటకై 2013లో కుదిరిన మినమాట ఒడంబడికను మన దేశము 2018లో ధ్రువీకరించినది.

రెండవది రేకు అతికించుట. దీనికి నిప్పు అక్కరలేదు, పాదరసము అక్కరలేదు. రేకు మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఊపిరి తగిలిన ఎగిరిపోవును. కనుక పని అడుగు నుండియే శ్రద్ధగా సాగవలెను.

ముందుగా చిలుమును, జిడ్డును పోగొట్టి, గరుకు కాగితముతో రుద్ది ఆరబెట్టవలెను. రాగికి తగిన ప్రైమరును, దానిపై పసుపు రంగును పూసి పూర్తిగా ఆరనీయవలెను. పిమ్మట అవిసె నూనెతో చేసిన జిగురును పలుచగా పూయవలెను. వ్రేలు తాకించినప్పుడు జిగురు వ్రేలికి రాక, పట్టి విడిచినట్లు తోచిన సమయమే రేకు వేయదగిన సమయము. త్వరపడిన రేకు మునిగి వన్నె తగ్గును, ఆలసించిన అంటదు. గాలి సోకకుండ చుట్టును పట్టాలు కట్టి, అంచుపై అంచు పడునట్లు రేకులు పరచి, మెత్తని కుంచెతో అదుమవలెను.

ఈ పూత రాపిడికి ఓర్వదు. చింతపండుతో నిత్యము తోము పాత్రలకు ఇది పనికిరాదు. శిఖరముపై చేయి తగలని కలశమునకు చక్కగా సరిపోవును. ఇత్తడి రేకును బంగారమని అంటగట్టువారును కలరు. అది కొలదికాలములోనే నల్లబడును.

కావున పని ఒప్పగించునప్పుడు రేకు ఎన్ని క్యారెట్లదో, పాదరసము వాడరాదనియు ఒప్పందములో వ్రాయించుడు. కలశము వెలుగుటతోపాటు దానిని మెరిపించిన పనివాడు ఆరోగ్యముతో ఇల్లు చేరుటయు గ్రామమునకు శోభయే.