అమెరికా వీసా - ఎదురుచూపులు - మన జాగ్రత్తలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడి పంతులం. వీసాల సంగతి మాకేం తెలుసని మీరు అడగవచ్చును. మర్రిగూడ చుట్టుపట్ల ఎవరింట్లో నిఖానామా చదివి అర్థం చెప్పవలసి వచ్చినా మా దగ్గరికే తెస్తారు. ఆ కాగితాల వెంట ఇంటి గోడు కూడా వస్తుంది. అందుచేత ఈ నాలుగు మాటలు.

మన దిక్కు నీళ్లలో ఫ్లోరైడు, చేలల్లో కరువు. బతుకుతెరువుకు హైదరాబాదు పోయినోళ్లు పోయినారు, అరబ్బు దేశాలు పోయినోళ్లు పోయినారు. గల్ఫ్ వీసా మనకు ఎరుకే. కఫీల్ పిలిస్తే పోవుడు, పని అయిపోతే వచ్చుడు. అమెరికా వలస వీసా అట్లాంటిది కాదు. అది అక్కడే స్థిరపడేందుకు ఇచ్చేది. కనుకనే దానికి పెద్ద వరస ఉన్నది.

1990 నాటి అమెరికా చట్టం ప్రకారం బంధుత్వపు వీసాలు ఏడాదికి కనీసం 2,26,000, ఉద్యోగపు వీసాలు కనీసం 1,40,000. ఈ రెండింటి మొత్తంలో ఒక్కొక్క దేశానికి పరిమితి 7 శాతం, అనగా 25,620. చిన్న దేశానికీ అంతే, ఇండియాకూ అంతే. పది ఇండ్ల గూడేనికీ వెయ్యి ఇండ్ల ఊరికీ ఒక్కొక్క ట్యాంకరు నీళ్లు పంపినట్టు!

అమెరికా పౌరుల భార్యాభర్తలకు, 21 ఏండ్ల లోపు పెండ్లికాని పిల్లలకు, తల్లిదండ్రులకు ఈ పరిమితి లేదు. కాగితాల పరిశీలనకు పట్టే కాలమే వారికి ఎదురుచూపు. పౌరుల తోబుట్టువులు, 21 దాటిన పిల్లలు, గ్రీన్ కార్డుదారుల భార్యాపిల్లలు వరసలో నిలబడవలసినదే. బంధుత్వపు దరఖాస్తు దాఖలైన తేదీయే వరసలో మన స్థానం. దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు. వరస ఏ తేదీ దాకా వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటిస్తుంది. 2024 డిసెంబరులో ఇండియాకు తోబుట్టువుల తరగతి 2006 మార్చి దగ్గర ఉన్నది. అంటే 18 ఏండ్ల పైమాట. ఉద్యోగపు రెండవ, మూడవ తరగతులు 2012 దగ్గర ఉన్నవి. ఈ తేదీలు ఒక్కోసారి వెనక్కి కూడా పోతాయి.

మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. చికాగోలో ఉన్న అన్న చెల్లెలి పేర దరఖాస్తు వేసినాడు. అప్పుడు ఆమె పెద్దకొడుకు మా దగ్గర అలిఫ్ బే దిద్దుతున్నాడు. "ఎట్లాగూ పోయేటోళ్లమే గద సార్" అని వాళ్లు ఇంటికి కప్పు వేయించలేదు, పిల్లవాణ్ని పదో తరగతి తరువాత చదివించలేదు. "ఇంకెంత, రెండేండ్లు" అని మేము కూడా ధైర్యం చెప్పినాము. తెలియక చెప్పినాము. వరస వచ్చేనాటికి పిల్లవాడికి 21 దాటినవి. దరఖాస్తు పరిశీలనలో గడిచిన కాలాన్ని 2002 నాటి చట్టం వయసులోంచి తీసివేస్తుంది గాని, వరసలో నిలబడ్డ కాలాన్ని తీసివేయదు. తల్లికి, తండ్రికి, చిన్నబిడ్డకు వీసా వచ్చింది. పెద్దకొడుకుకు రాలేదు. "సార్, నేను ఏ బిడ్డ దిక్కు ఉండాలె?" అని ఆ తల్లి అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది.

కనుక మనవి చేసేదేమంటే -

మొదటిది, పైసలిస్తే తేదీ ముందుకు జరుపుతామనే దళారిని గడప తొక్కనివ్వకండి. ఆ తేదీని జరిపే శక్తి ఎవరికీ లేదు.

రెండవది, గ్రీన్ కార్డుదారుల కొడుకు గాని బిడ్డ గాని వీసా రాకముందు నిఖా చేసుకుంటే ఆ దరఖాస్తు రద్దవుతుంది. పౌరుల పిల్లలైతే వేరే తరగతికి మారుతారు. సంబంధం ఖాయం చేసేముందే విచారించండి. నిఖా చేసి దాచిపెట్టడం మాత్రం మోసం కిందికి వస్తుంది.

మూడవది, టెలిఫోను నిఖా. వధూవరులు ఒక్కచోట లేకుండా జరిగిన పెండ్లిని, తరువాత వారు కలిసి కాపురం చేస్తే తప్ప, అమెరికా వీసాకు ఒప్పుకోరు.

నాలుగవది, పేర్లు, తేదీలు. నిఖానామాలో మహమ్మద్, బడి సర్టిఫికెట్టులో ఎం.డి., పాస్‌పోర్టులో మరొకటి! బడిలో చేర్చుకొనేటప్పుడు అందాజగా పుట్టినతేదీ వేసే మా పంతుళ్ల తప్పు కూడా ఇందులో ఉన్నది. 21 ఏండ్ల లెక్కలో ఒక్క నెల తేడా ఒక బిడ్డను తల్లికి దూరం చేయగలదు. బిడ్డ పుట్టిన వెంటనే పుట్టుక నమోదు చేయించండి.

చివరి మాట. దరఖాస్తు వేయండి, వద్దనము. వేసిన మరునాడే ఇంటి కప్పు పని కూడా మొదలుపెట్టండి. పిల్లల చదువు ఆపకండి. వీసా వస్తే చదువు వెంట వస్తుంది, రాకుంటే చదువే అన్నం పెడుతుంది.