కత్తికి పదును, కమ్మరికి పని

(ఖైరతాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మీరు పనులమీద ఖైరతాబాదు వచ్చినపుడు పంజగుట్ట సందులలోనో, అమీరుపేట అంగళ్ళ వద్దనో ఒక మనిషిని చూచియే యుందురు. సైకిలును స్టాండుమీద నిలిపి, కూర్చుండి పెడలు త్రొక్కుచు, దానికి బిగించిన చిన్న సానచక్రమును త్రిప్పి కత్తులకు పదును పెట్టుచుండును. ఆతని కేక వినగానే మేడమీది ఇల్లాలు కూరగాయల కత్తిని, హోటలు వంటవాడు ఉల్లిగడ్డలు తరుగు కత్తిని, మాంసపు దుకాణమువాడు తన పెద్దకత్తిని తెచ్చి ముందుంచుదురు. పట్టణమున పదును ఇంటి ముంగిటికే వచ్చుచున్నది. మీ గ్రామమున కత్తి మొద్దువారిన ఎక్కడికి పోవుచున్నారు? ఈ ప్రశ్న మేము చాల గ్రామములలో అడిగితిమి. “బండరాయిమీద నూరుకొందుము” అని కొందరు, “మొద్దుదానితోనే కానిత్తుము” అని కొందరు చెప్పిరి. “కమ్మరి వద్దకు” అని చెప్పినవారు తక్కువ.

ఒకప్పుడు అట్లు కాదు. కోతలకు ముందు ఊరి కొడవళ్ళన్నియు కొలిమి వద్దకు చేరెడివి. కమ్మరి వానికి కక్కు కొట్టి, పదును పెట్టి ఇచ్చెడివాడు. కళ్ళము వద్ద ఆతని మేర ఆతనికి ముట్టెడిది. వరికోత యంత్రములు వచ్చిన పిదప కొడవలి పని తగ్గినది, మేర పోయినది, చాలచోట్ల కొలిమి చల్లారినది. అయినను పదును అవసరము తగ్గలేదు. గీతకార్మికుని కత్తి, గొల్లవాని కొమ్మలు నరుకు కొడవలి, మేకల కోతకత్తి, ఇంటింటి కత్తిపీట, గొడ్డలి, బాడిస ఇప్పటికిని ఉన్నవి. మొద్దుకత్తిని బలముగా అదిమి కోయవలసి వచ్చును. అదిమిన కత్తియే జారి చేయి తెగును.

అందుచే కొన్ని పంచాయతీలవారు బెల్టు యంత్రమును కొని కమ్మరికి అప్పగించిన ఎట్లుండునని మమ్ము అడుగుచున్నారు. ఆలోచన మంచిదే. కాని యంత్రమును ఎంచుకొనుటలో తప్పు జరిగినచో ఊరి కత్తులన్నియు పాడగును. ఈ మాట మేము అనుభవముతో చెప్పుచున్నాము.

కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామములో మేము ఇట్టి యంత్రమును ప్రదర్శించితిమి. అమ్మినవాడు వేగముగా తిరుగుటయే దాని గొప్ప అని చెప్పెను, మేము నమ్మితిమి. ఊరి పెద్ద కమ్మరి తాను లారీ కమానుకట్టతో చేసిన కత్తిని తెచ్చి ఇచ్చెను. మా మనిషి దానిని బెల్టుకు ఆనించెను. నిప్పురవ్వలు ఎగసినవి, పిల్లలు చప్పట్లు కొట్టిరి, అరనిమిషములో అంచు తళతళలాడెను. కమ్మరి కత్తిని వెలుతురుకు ఎత్తి చూచి, “సారూ, నీలం తిరిగింది. ఇగ ఇది కత్తి గాదు, రేకు” అనెను. మేము సిగ్గుపడితిమి.

ఆయన చెప్పినది నిజము. కమ్మరి ఉక్కును ఎఱ్ఱగా కాల్చి, నీటిలోనో నూనెలోనో ముంచి గట్టిపరచును. అంతటితో అది గాజువలె పెళుసుగా ఉండును గనుక మరల కొంచెము కాచి పెళుసుదనమును తీయును. ఆ కాచుటలో ఉక్కుమీద రంగులు పుట్టును. సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లేత గడ్డిరంగు, 260 వద్ద గోధుమరంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము. కత్తికి తగిన గట్టిదనము గడ్డిరంగు దరిదాపులలో ఉన్నది. నీలము తిరిగినదనగా అంచు మెత్తబడినదని అర్థము. ఎంత నూరినను అది నిలువదు. అంచు మిక్కిలి పలుచనైనది గనుక వెన్ను చల్లగా ఉండగానే అది కాలిపోవును. కమ్మరి దినమంతయు కష్టపడి పోసిన పదునును వేడి బెల్టు క్షణములో తీసివేయగలదు.

కావున యంత్రము కొనునపుడు మొట్టమొదట అడుగవలసినది బెల్టు వేగము. ఆ లెక్క మీరే వేసికొనవచ్చును. బెల్టును లాగు చక్రము అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు, మోటారు నిమిషమునకు 1,440 చుట్లు తిరుగునది అయినచో, బెల్టు నిమిషమునకు సుమారు 450 మీటర్లు పోవును. అదే చక్రమును 2,880 చుట్ల మోటారుకు తగిలించినచో 900 మీటర్లు దాటును. రెండవది ఇనుము చెక్కి క్రొత్త కత్తిని తయారుచేయుటకు బాగుగా ఉండును. పదును పెట్టుటకు మొదటిదే చాలును. ఇంకను నెమ్మదిగా పోయినను నష్టము లేదు. మూడు మెట్ల పుల్లీ ఉన్న యంత్రము దొరికినచో వేగమును అవసరము కొలది మార్చుకొనవచ్చును. సింగిల్ ఫేజు కరెంటుమీద నడచు అర హార్సుపవరు మోటారు గ్రామపు పనికి సరిపోవును.

తిరుగు సానరాయి ఉండగా బెల్టు ఎందుకని కొందరు అడుగుదురు. సానరాయి అరిగినకొలది చిన్నదగును, వేగము మారును. బీటలు వారిన రాయి తిరుగుచుండగా పగిలి మీదికి వచ్చు ప్రమాదము కలదు. బెల్టు అరిగినను వేగము మారదు. అది కొంచెము వంగును గనుక, వెనుక ఇనుపపలక లేనిచోట ఆనించిన కత్తికి గుండ్రని గట్టి అంచు వచ్చును. నరుకుడు కత్తులకు, గొడ్డళ్ళకు ఇది మేలు. పలకమీద ఆనించిన తిన్నని అంచు వచ్చును. యంత్రమున ఈ రెండు తావులును ఉన్నవో లేవో చూచి మరి కొనుడు. చిన్న యంత్రములకు 25 మిల్లీమీటర్ల వెడల్పు, 762 మిల్లీమీటర్ల చుట్టు గల బెల్టులు వచ్చును. కత్తులు చేయువారి పెద్ద యంత్రములకు 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. ఏది కొన్నను ఆ కొలత బెల్టు మీకు దగ్గరి పట్టణములో ఎప్పుడును దొరకునా అని ముందు విచారింపుడు. బెల్టు దొరకని యంత్రము పంచాయతీ గదిలో మూలబడియుండుట మేము చూచితిమి.

ఇక బెల్టుల సంగతి. ఇది మీకు తెలిసిన ఉప్పుకాగితమునకు అన్నగారు. గుడ్డమీద గట్టి రేణువులను అంటించి, గుండ్రముగా అతుకుదురు. వీనికై విదేశములవైపు చూడనక్కరలేదు. సానరాళ్ళు, ఉప్పుకాగితములు చేయు కార్బొరండం యూనివర్సల్ సంస్థ 1954లోనే మద్రాసున ప్రారంభమైనది. బెల్టు వెనుక ఒక అంకె ఉండును. అంకె పెరిగినకొలది రేణువు సన్నబడును. పి 80 అనునదాని రేణువు సుమారు 200 మైక్రాన్లు, పి 120 ది 125, పి 400 ది 35 మాత్రమే. నొక్కులు పడిన గొడ్డలికి 80, మొద్దువారిన కత్తికి 120, అంచు తీర్చుటకు 240, ముగింపునకు 400 వాడవలెను. మొదటిసారి ఈ నాలుగు చాలును. అన్నింటికిని 80 వాడినచో కత్తి రెండేండ్లలో సగమై కూర్చుండును, అంచు రంపమువలె గీరును.

రేణువులలోను తేడాలు కలవు. అల్యూమినియం ఆక్సైడు చవుక, ఉక్కుకు తగినది. గ్రామమునకు మేము దీనినే చెప్పుదుము. జిర్కోనియా, సెరామిక్ రేణువులు ఎక్కువ కాలము వచ్చును, ఖరీదును ఎక్కువే. అవి బలముగా అదిమినపుడే బాగుగా కోయును. మనము పదునుకు అదుమరాదు గదా! 1891లో అమెరికాలో అచెసన్ కనుగొనిన సిలికాన్ కార్బైడు మిక్కిలి వాడియైనది గాని ఉక్కుమీద త్వరగా అరిగిపోవును. చివరగా ఒక తోలుబెల్టు, దానికి పూయు పచ్చని క్రోమియం ఆక్సైడు ముద్ద ఉన్నచో మంగలి తోలుపట్టీ చేయు పనిని అది చేయును.

బెల్టు లోపలివైపు బాణము గుర్తు ఉన్నచో ఆ దిక్కుననే తిరుగునట్లు తగిలింపవలెను, లేకున్న అతుకు ఊడును. పని ముగిసిన పిదప బిగువు సడలించి, మేకుకు వ్రేలాడదీయుడు. మడిచి పెట్టెలో కుక్కిన బెల్టు మడతవద్ద తెగును. వానకాలపు చెమ్మ దానికి శత్రువు.

పట్టు విధము వ్రాతతో పూర్తిగా రాదు, అయినను ముఖ్యమైనవి చెప్పుదుము. బెల్టు ఏ దిక్కునకు పోవునో కత్తి అంచు ఆ దిక్కునకే చూడవలెను. ఎదురు పెట్టినచో అంచు బెల్టులో దిగి కత్తి విసిరికొట్టును. చేతి బరువు మాత్రమే ఆనవలెను. వంటకత్తికి ఒక్కొక్క ప్రక్క 15 నుండి 20 డిగ్రీలు, నరుకు కత్తికి 25. మడమ నుండి మొన వరకు ఒక్కసారి లాగి, ప్రక్కనున్న నీళ్ళ బొక్కెనలో ముంచి, మరల లాగవలెను. వేలు ఓర్వలేని వేడిని అంచుకు తగులనీయరాదు. ఒక ప్రక్క రుద్దగా రెండవ ప్రక్కకు సన్నని లోహపు పొర మొలచును, వ్రేలితో అడ్డముగా తాకిన తెలియును. అది అంచు పొడవునా వచ్చినపుడే ప్రక్క మార్చవలెను. చివర తోలుబెల్టుమీద ఆ పొర రాలును.

కంటికి అద్దములు, ముక్కుకు గుడ్డ తప్పవు. చేతితొడుగు వలదు, తిరుగు బెల్టు దానిని లాగికొనును. రవ్వలు పడుచోట గడ్డి, ప్రత్తి, వడ్రంగి రంపపుపొట్టు ఉండరాదు. మోటారుకు ఎర్తు తీగ తప్పక ఉండవలెను.

యంత్రము ఎవరి చేతిలో ఉండవలెననుట మిగిలినది. కుఱ్ఱవాడెవడైనను త్రిప్పగలడని కొందరందురు. మేము ఒప్పుకొనము. ఉక్కు రంగు చూచి చెప్పగలవాడు కమ్మరి. పాడైన కత్తిని మరల కాల్చి బాగుచేయగలవాడును ఆతడే. మా ప్రదర్శనలో చెడిన కత్తిని ఆ పెద్ద కమ్మరియే కొలిమిలో పెట్టి, మరల నీరు పోసి నిలబెట్టెను. మేరల కాలము పోయినది గనుక కత్తికింత అని రేటును పంచాయతీ నిర్ణయించి గోడమీద వ్రాయింపవలెను. బెల్టుల ఖర్చు ఆ రేటులోనే రావలెను.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కమ్మరము ఒకటి. శిక్షణ కాలములో దినమునకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతము వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల అప్పు ఆ పథకములోనివి. దరఖాస్తును మొట్టమొదట పరిశీలింపవలసినది గ్రామ పంచాయతీయే. అనగా ఆ కాగితము మీ బల్లమీద ఎన్నాళ్ళు ఆగునో అన్నాళ్ళు మీ కమ్మరి ఆగియుండును. మీ ఊరి కమ్మరి పేరు అందులో నమోదైనదో లేదో మీలో ఎందరు చెప్పగలరు?

ఇక్కడికి చేరువనున్న యూసుఫ్‌గూడలో 1962 నుండి చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కలదు. బాలానగరులో 1968లో స్థాపించిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ కలదు. అంత పెద్ద విద్య మనకీ పనికి అవసరము లేదు. యంత్రములు చూడదలచినవారు తిరిగి వెళ్ళునపుడు సికింద్రాబాదు రాణిగంజు అంగళ్ళలో దిగుడు. మోటారుమీది రేకును చదివి, చుట్ల సంఖ్య చూచి మరి బేరమాడుడు.

బయట వరండాలో నెమ్మదిగా తిరుగు యంత్రమును ఒకదానిని ఉంచినాము. కత్తులు తెచ్చినవారు వరుసగా రండు. రంపపు పండ్ల కొడవళ్ళను, దర్జీ కత్తెరలను మాత్రము తీయవలదు. పండ్లను ఒక్కొక్కదానినే ఆకురాతితో తీర్చవలెను, కత్తెరల లోపలి ముఖమును బెల్టుకు చూపనేరాదు.